తొలకరికి ముందే ఫోమ్ ఫ్లైలకు రంగు వేసుకోండి: కొన్ని జాగ్రత్తలు

రోహిణి కార్తె ముగిసేలోపే ఫోమ్‌కు రంగులు వేయడం పూర్తి చేయండి. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వంశధార, మహేంద్రతనయ, నాగావళి ఒడ్డున ఫ్లైతో, అంటే గాలానికి ఫోమ్, దారం కట్టి పురుగులా చేసిన ఎరతో, చేపలు పట్టాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను ముందుగా చెప్పే మాట ఇదే. మృగశిర చినుకులు పడ్డాక ఉసిళ్ళు లేస్తాయి. అవి నీటి మీద పడితే చేపలు పైకొచ్చి తింటాయి. ఆ సాయంత్రం అప్పటికప్పుడు కూర్చుని ఫోమ్ కత్తిరించి మార్కర్ పూస్తే, చెమ్మ గాలికి త్వరగా ఆరదు. దారం చుట్టేటప్పుడు వేళ్ళకంటుతుంది, నీళ్ళలో చెదిరిపోతుంది.

స్టేషనరీ షాపులో పిల్లల క్రాఫ్ట్ పనులకు అమ్మే 2 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్ చాలు. అందులో గాలి చిన్న చిన్న గదుల్లో బందీగా ఉంటుంది, అందుకే నీరు పీల్చదు, తేలుతుంది. నీరు పీల్చదు కాబట్టే స్కెచ్ పెన్ను రంగు దానిమీద నిలవదు. పర్మనెంట్ మార్కరే వాడాలి. ఆ రంగు పారదర్శకం, నల్ల ఫోమ్ మీద పసుపు పూస్తే కనిపించదు. తెలుపు, లేత పసుపు, లేత గోధుమ షీట్లతో మొదలుపెట్టండి. ముందు లేత రంగు, అది ఆరాక ముదురు రంగు. రెండూ కలిసే చోట స్పిరిట్‌లో కొద్దిగా ముంచిన ఇయర్ బడ్‌తో అద్దితే గీత కరిగి నీడలా పాకుతుంది. కత్తిరించిన అంచులు తెల్లగా బయటపడతాయి, వాటికి కూడా కట్టకముందే రంగు పట్టించండి. దారం బిగిస్తే ఫోమ్ సాగి రంగు పలచబడుతుంది, అందుకే దారం కూడా ఆ రంగుకు దగ్గరగా ఉండాలి.

నేను గట్టిగా నమ్మేది ఒకటి ఉంది. వీపు మీద చారలకు పడే శ్రమలో సగం పొట్ట మీద పెట్టండి. చేప చూసేది కింది నుంచి. ఆకాశపు వెలుగుకు అడ్డంగా దానికి కనిపించేది ఆకారం, పొట్ట రంగు. ఉసిళ్ళ ఫ్లైకి పొట్ట లేత గోధుమ, వీపు ముదురు గోధుమ. కొరమీనుకు వేసే కప్ప ఆకారపు ఫ్లైకి తెల్లని పొట్ట, పచ్చని వీపు చాలు. వీపు మీద చిన్న నారింజ ఫోమ్ ముక్క అతికించండి, అది మసక వెలుగులో మీకు కనిపించడానికే.

ఇక జిగురు. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. ఫెవిక్విక్ లాంటిది తగిలితే మార్కర్ రంగు కరిగి పాకుతుంది. అందుకే అతికించే చోట రంగు వేయకండి, జిగురును సూది మొనతో చుక్కగా పెట్టండి. చెమ్మ ఎక్కువైతే ఆ జిగురు ఆవిరి ముదురు రంగు మీద తెల్లని పొరలా పేరుకుంటుంది. గోళ్ళ పాలిష్ పూతగా వేయకండి. అది రంగును కదిలిస్తుంది, గట్టిపడ్డాక ఫోమ్ వంగితే పగులుతుంది. దానికన్నా నీటితో పలచబడే యాక్రిలిక్ వార్నిష్ పలచగా పూయండి. ఏది పూసినా ముందు పనికిరాని ముక్క మీద చూసుకోండి.

ఒలికిన జిగురును దూదితో గాని నూలు గుడ్డతో గాని తుడవకండి. నూలు తగిలితే ఆ జిగురు ఒక్కసారిగా వేడెక్కుతుంది, పొగ వస్తుంది, చర్మం కాలవచ్చు. వేళ్ళు అతుక్కుంటే గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే రెప్పలు బలవంతంగా లాగకూడదు, నీళ్ళతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వానలకు కరెంటు పోవడం మామూలే. అప్పుడు కొవ్వొత్తి పక్కన స్పిరిట్ సీసా తెరిచారంటే ప్రమాదం కొని తెచ్చుకున్నట్టే. దాని ఆవిరి కూడా అంటుకుంటుంది. అగరబత్తి ఉన్నా స్పిరిట్ మూత తీయవద్దు. ఎమర్జెన్సీ లైటు పెట్టుకోండి. జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసి మార్కర్లతో పని చేస్తే తలనొప్పి వస్తుంది. ఒక కిటికీ అయినా తెరవండి, పసిపిల్లలు ఆ గదిలో లేకుండా చూడండి. ఫోమ్‌ను లైటర్‌తో కాల్చి నల్లటి నీడ తెప్పించే పద్ధతి కొందరికి ఇష్టం. ఆ పొగ పీల్చడం మంచిది కాదు, మార్కర్‌తోనే ఆ పని అవుతుంది.

రంగు వేసినవాటిని ఒక రాత్రంతా నీడలో ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లంతో మూత బిగించిన డబ్బాలో పెట్టండి. ఎండలో ఉంచితే మార్కర్ రంగు వెలిసిపోతుంది.

ఏటి దగ్గర రెండు మాటలు. వానాకాలంలో కొరమీను తన పిల్లల గుంపును కాపాడుకుంటూ తిరుగుతుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైకి వస్తుంటే అక్కడ ఫ్లై వేయకండి. కొండల్లో వాన పడితే మీరున్న చోట ఎండగా ఉన్నా ఏరు పొంగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి జిల్లాలో వచ్చిన వరదలు మనం చూసినవే. నీళ్ళు మట్టిరంగు తిరిగి కొమ్మలు కొట్టుకొస్తుంటే, చేప ఎగురుతున్నా సరే, వెంటనే గట్టెక్కండి.