ఐదు సీట్లా, ఏడు సీట్లా: అడ్వాన్సు కట్టే ముందు

ముందు టేపుతో మీ గేటు, సందు కొలవండి. ఐదు సీట్ల కార్లు నెక్సాన్, బ్రెజా పొడవు 3,995 మిల్లీమీటర్లు, ఏడు సీట్ల సఫారీది 4,668. ఆ తేడా తిరుపతి పాత వీధుల్లో రివర్స్ తీసేటప్పుడు తెలుస్తుంది.

షోరూముకు పెద్దవాళ్లను తీసుకెళ్లి మూడో వరుసలో పది నిమిషాలు కూర్చోబెట్టండి. మోకాళ్లు పైకి లేస్తున్నాయా? ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందా? మా అత్తమ్మ ముందు సీటు మడిచిన సందులోంచి ఒక కాలు పెట్టి ఆగిపోయింది. "నేను బస్సులో వస్తాలే నాయనా" అనేసింది.

మూడో వరుస లేపి ఉంచే డిక్కీ చూడండి. పెట్టెలు పట్టకపోతే సామాను టాపు మీదికే.

టెస్ట్ డ్రైవ్‌కు బండి నిండా మనుషుల్ని ఎక్కించండి. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బరువైన బండిని చిన్న గేరులోనే ఆపుకోవాలి, బ్రేకు మీదే కాలుంచితే మాడు వాసనొస్తుంది.

పన్ను అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు పెట్రోలు ఇంజిన్ ఉంటే జీఎస్టీ 18 శాతం. డీజిలుకు హద్దు 1,500 సీసీ. దాటితే 40. బ్రెజా పొట్టిదే, కానీ ఇంజిన్ 1,462 సీసీ పెట్రోలు, కాబట్టి 40లోకే వస్తుంది.

ఏడుగురూ ఎక్కేది ఏడాదికి రెండుసార్లయితే, నన్నడిగితే చిన్నదే కొనండి. ఆ రెండుసార్లకు బాడుగ బండి ఉండనే ఉంది.