అమెరికాలో ఫెడరల్ సంస్థల నిబంధనను కాంగ్రెస్ తీర్మానంతో ఎలా రద్దు చేస్తుంది?

కార్ఖానా పొగ గొట్టం నుంచి ఎంత కాలుష్యం బయటికి రావచ్చో, బ్యాంకు ఒప్పందంలో ఏ షరతు చెల్లదో, వలస వచ్చిన ఉద్యోగి వర్క్ పర్మిట్ ఎన్నాళ్ళు నడుస్తుందో అమెరికాలో చాలావరకు నిర్ణయించేవి ఫెడరల్ సంస్థలు జారీ చేసే నిబంధనలే. అధికారులు రాసిన ఇలాంటి నిబంధనను కాంగ్రెస్‌కు, అంటే సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన అమెరికా పార్లమెంటుకు, ఎన్నికైన సభ్యులు నేరుగా కొట్టివేయడానికి 1996 మార్చిలో, అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకంతో, కాంగ్రెషనల్ రివ్యూ యాక్ట్ అనే చట్టం వచ్చింది. ఆ చట్టం కింద తీర్మానం ఏయే దశలు దాటుతుందో ఇక్కడ వివరిస్తున్నాను. ఈ దారిలో ఓట్ల లెక్కకంటే ముందు చూడవలసింది రోజుల లెక్క.

మొదటి దశ: అది నిబంధనేనా, కాంగ్రెస్‌కు అందిందా?

ఏ సంస్థ అయినా తన నిబంధన అమలులోకి రాకముందే దాని ప్రతిని సెనేట్‌కు, ప్రతినిధుల సభకు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ జనరల్‌కు పంపాలి. ఆర్థిక వ్యవస్థపై ఏడాదికి 10 కోట్ల డాలర్లు లేదా అంతకుమించి ప్రభావం చూపేదైతే దానిని ప్రధాన నిబంధనగా పరిగణిస్తారు. సాధారణంగా దాని అమలు 60 రోజులు ఆగుతుంది.

సంస్థ అసలు పంపకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు 2018లో ఒక జవాబు దొరికింది. కార్ల రుణాలపై వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శక పత్రాన్ని ఎవరూ కాంగ్రెస్‌కు పంపలేదు. అది కూడా నిబంధన కిందికే వస్తుందని కంప్ట్రోలర్ జనరల్ కార్యాలయం 2017 డిసెంబరులో తేల్చడంతో, అప్పటి నుంచే గడువు మొదలైనట్టు లెక్కించి, ఐదేళ్ళ నాటి పత్రాన్ని 2018 మేలో రద్దు చేశారు.

2025లో పరిస్థితి తలకిందులైంది. వాహన కాలుష్యంపై సొంతంగా కఠిన ప్రమాణాలు పెట్టుకునేందుకు కాలిఫోర్నియాకు ఇచ్చిన మినహాయింపులు నిబంధనలు కావని అదే కార్యాలయం చెప్పినా, సెనేట్ మెజారిటీ ముందుకు వెళ్ళి వాటిని కొట్టివేసింది. జూన్ 12న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకం చేశారు. ఏది నిబంధనో మెజారిటీ పక్షమే తనకు తాను నిర్ణయించుకోగలిగితే ఈ చట్టానికి హద్దు మిగలదు కనుక, ఈ పరిణామం ఆందోళన కలిగించేదని నా అభిప్రాయం.

రెండో దశ: రోజులు లెక్కపెట్టడం

నిబంధన కాంగ్రెస్‌కు అందిన నాటి నుంచి 60 రోజుల లోపు తీర్మానం ప్రవేశపెట్టాలి. అయితే ఇవి గోడ మీది క్యాలెండరు చూసి లెక్కించే రోజులు కావు: ఏ సభ అయినా మూడు రోజులకు మించి వాయిదా పడితే ఆ రోజులను మినహాయిస్తారు. సెనేట్‌లో త్వరిత చర్చా విధానం వర్తించాలంటే మరో లెక్క కూడా ఉంది. అందులో సెనేట్ సమావేశమైన 60 రోజులనే చూస్తారు.

ఈ చట్టంలో అత్యంత శక్తిమంతమైన భాగం దీని వెనుకే ఉంది. కాంగ్రెస్ ఏడాది సమావేశాలు ముగియడానికి ముందు సెనేట్‌లో చివరి 60 సమావేశ దినాలలో గానీ, ప్రతినిధుల సభలో చివరి 60 శాసన దినాలలో (ఆ సభ సమావేశమయ్యే దినాలు) గానీ అందిన నిబంధనలకు, తరువాతి సమావేశాల 15వ దినం నుంచి పూర్తి గడువు మళ్ళీ మొదలవుతుంది. దిగిపోయే అధ్యక్షుడు చివరి నెలల్లో తెచ్చిన నిబంధనలు ఆ విధంగా కొత్త అధ్యక్షుడి చేతికి, కొత్త కాంగ్రెస్ చేతికి చిక్కుతాయి. తొలి ఇరవై ఏళ్ళలో ఈ చట్టంతో రద్దయినది ఒకే ఒక్క నిబంధన: కార్మికుల ఒంటి నొప్పులు, కండరాల గాయాల నివారణకు క్లింటన్ ప్రభుత్వం 2000 నవంబరులో జారీ చేసినది. 2001 మార్చిలో సెనేట్ 56–44తో, ప్రతినిధుల సభ 223–206తో దానిని కొట్టివేశాయి. డొనాల్డ్ ట్రంప్ తొలి పదవీకాలంలో 16 నిబంధనలు, 2021లో జో బైడెన్ సంతకంతో మూడు రద్దయ్యాయి.

మూడో దశ: తీర్మానం రాయడం

ఇందులో సభ్యులకు స్వేచ్ఛ లేదు. ఫలానా సంస్థ ఫలానా విషయమై పంపిన నిబంధనను కాంగ్రెస్ ఆమోదించడం లేదని, ఆ నిబంధన చెల్లదని చెప్పే వాక్యాన్ని చట్టమే నిర్దేశించింది. ఒక తీర్మానానికి ఒకే నిబంధన. నచ్చని భాగాన్ని మాత్రమే తీసివేసి మిగిలినది ఉంచడం కుదరదు.

నాలుగో దశ: సెనేట్ దాటించడం

మామూలు బిల్లును సెనేట్‌లో ముందుకు కదపాలంటే దాదాపు ఎప్పుడూ 60 ఓట్లు కూడగట్టాలి. ఇక్కడ ఆ అడ్డంకి లేదు. 20 రోజుల తరువాత కూడా కమిటీ కదలకపోతే, 30 మంది సెనేటర్లు సంతకాలు చేసి తీర్మానాన్ని కమిటీ నుంచి బయటికి తేవచ్చు. చర్చ 10 గంటలకు మించదు, సవరణలు ఉండవు, సాధారణ మెజారిటీ చాలు. వినియోగదారులు బ్యాంకులపై ఉమ్మడిగా దావా వేయకుండా అడ్డుకునే ఒప్పంద షరతులను నిషేధించిన నిబంధన 2017 అక్టోబరులో 51–50తో పడిపోయింది. ఆ చివరి ఓటు ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్‌ది.

ఐదో దశ: ప్రతినిధుల సభ, అధ్యక్షుడు

ప్రతినిధుల సభలో ఇలాంటి ప్రత్యేక త్వరిత విధానం లేదు కాబట్టి సభా నాయకత్వం తలచుకోకపోతే తీర్మానం అక్కడే ఆగిపోతుంది. ఇంటర్నెట్ తటస్థతపై (ఇంటర్నెట్ కంపెనీలు అన్ని వెబ్‌సైట్లనూ ఒకేలా చూడాలన్న సూత్రం) తీర్మానం 2018 మేలో సెనేట్‌లో 52–47తో నెగ్గినా, ప్రతినిధుల సభలో ఓటింగుకే రాలేదు. ఆపై అధ్యక్షుడు వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 2025 వరకు ఇలాంటి ఏ వీటోనూ అధిగమించలేకపోయారు.

సంతకం తరువాత

రద్దయిన నిబంధన ఎన్నడూ అమలు కానట్టే లెక్క. అంతకంటే బరువైన ఫలితం మరొకటి ఉంది: కొత్త చట్టం అనుమతిస్తే తప్ప, సారాంశంలో అలాంటిదే అయిన నిబంధనను ఆ సంస్థ మళ్ళీ జారీ చేయరాదు. ఎంత పోలిక ఉంటే ‘అలాంటిదే’ అవుతుందో చట్టం చెప్పలేదు. 2001 తరువాత కార్మిక భద్రతా సంస్థ ఆ ఒంటి నొప్పుల నిబంధనను మళ్ళీ ప్రయత్నించలేదు. కానీ చమురు, గనుల కంపెనీలు విదేశీ ప్రభుత్వాలకు చెల్లించే సొమ్మును వెల్లడించాలన్న నిబంధన 2017 ఫిబ్రవరిలో రద్దయినా, దానిని కోరే మూల చట్టం అలాగే ఉన్నందున, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ 2020 డిసెంబరులో దానిని వేరే రూపంలో తెచ్చింది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఇలాంటి తీర్మానం కదలికలను గమనించాలంటే కాంగ్రెస్ అధికారిక వెబ్‌సైట్‌లో ‘ఎస్.జే.రెస్.’ (సెనేట్ ఉమ్మడి తీర్మానం) లేదా ‘హెచ్.జే.రెస్.’ (ప్రతినిధుల సభ ఉమ్మడి తీర్మానం) అని మొదలయ్యే సంఖ్యతో వెతకవచ్చు. హెచ్-1బీ ఉద్యోగుల హెచ్-4 వీసా జీవిత భాగస్వాములు సహా పలువురి వర్క్ పర్మిట్లను 540 రోజుల వరకు దానంతట అదే పొడిగించే నిబంధనపై 2025 జనవరిలో సెనేటర్ జాన్ కెనడీ ప్రవేశపెట్టిన తీర్మానం అలాంటిదే. ఆ పొడిగింపు చివరికి ఆగింది ఆ తీర్మానంతో కాదు, అదే ఏడాది అక్టోబరు 30న హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ తెచ్చిన కొత్త నిబంధనతో. అందుచేత తీర్మానం సంఖ్యతో పాటు, శాఖలు తమ నిబంధనలను ప్రచురించే ఫెడరల్ రిజిస్టర్‌ను కూడా చూస్తూ ఉండాలి.