అండమాన్ ప్యాకేజీలో గైడుకు ఏది వదలాలి, మన చేతిలో ఏది ఉంచుకోవాలి

హైదరాబాదులో అండమాన్ ప్యాకేజీ మాట్లాడుకునేవారు సాధారణంగా హోటలు గది గురించి, భోజనం కలిపి ఉందా లేదా అన్న విషయం గురించి అడిగి ఊరుకుంటారు. నన్నడిగితే మొదటి ప్రశ్న వేరు: బండి ఉదయం ఎన్నింటికి బయలుదేరుతుంది? ఆ దీవులు మనకు తూర్పున దాదాపు 14 డిగ్రీల రేఖాంశం దూరంలో ఉన్నాయి, గడియారం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. అందువల్ల అక్కడ మనకంటే ఇంచుమించు ముప్పావుగంట నుంచి గంట ముందు తెల్లవారుతుంది, అలాగే ముందు పొద్దుగూకుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. తొమ్మిదింటికి అల్పాహారం ముగించి, పదింటికి బయలుదేరే కార్యక్రమం ఒప్పుకున్నారంటే, పగటిలో మంచి భాగం హోటల్లోనే ఖర్చయినట్టు. ఆరింటికే బయలుదేరేలా, అల్పాహారం పొట్లం కట్టి ఇచ్చేలా ముందే రాయించుకోండి.

కాగితం మీద ఊళ్ల పేర్లు చూసి కంగారుపడనవసరం లేదు. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ షహీద్ ద్వీప్‌గా, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా మారాయి. 2024లో పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. ఏజెంట్లు ఇప్పటికీ పాత పేర్లే వాడతారు.

దీవుల మధ్య ఫెర్రీ టికెట్లు, రేవు దగ్గర గుర్తింపు కార్డుల తనిఖీ, ఎలిఫెంట్ బీచికి పడవ వంటివి గైడుకు వదిలేయడమే సుఖం. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు రద్దవుతాయి గనుక, తిరుగు విమానానికి ముందురోజు రాత్రి తప్పనిసరిగా శ్రీ విజయపురంలోనే బస ఉండాలి. షహీద్ ద్వీప్‌లోని సహజ శిలావంతెన దగ్గరికి సముద్రం వెనక్కు తగ్గినప్పుడే నడిచి వెళ్లగలం. ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసి వెళ్లే సమయం నిర్ణయించమని గైడుతో ముందురోజే చెప్పాలి.

సెల్యులార్ జైలుకు కనీసం రెండు గంటలు కేటాయించండి. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడంలో ఏడు విభాగాలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. గైడు ఆ పేరు ఎత్తకపోతే మీరే ఎత్తండి. బారాటాంగ్ దీవి విషయంలో నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. అక్కడికి వెళ్లే దారి జారవా అనే ఆదివాసీ తెగకు కేటాయించిన రక్షిత ప్రాంతం గుండా, పోలీసు కాన్వాయ్‌లో సాగుతుంది. ఆ దారిలో బండి ఆపడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నిషేధం. బారాటాంగ్‌లోని సున్నపురాతి గుహల కోసం వెళ్లవచ్చు గానీ, "జారవాలు కనబడతారు" అని ఊరించే ఏజెంటు దగ్గర మాత్రం డబ్బు కట్టవద్దు.

ఇక తిండి. ప్యాకేజీలో అల్పాహారం ఉంచుకుని, మిగతా రెండు పూటలు తీసేయించండి. లేకపోతే అంత దూరం వెళ్లి హోటలు బఫేలో పనీర్ మఖనీ తిని రావలసి వస్తుంది. దేశవిభజన తరువాత తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కుటుంబాలు స్వరాజ్, షహీద్ ద్వీపాల్లో స్థిరపడ్డాయి. అందుకే స్వరాజ్ ద్వీప్‌లో మూడో నంబరు బజారులోని చిన్న భోజనశాలల్లో అన్నం, పప్పుతో పాటు ఆవపిండి ఘాటున్న చేపల కూర దొరుకుతుంది. కొర్రమీనుకు, అపోలో ఫిష్‌కు అలవాటుపడిన మన నాలుకకు అది మొదటి ముద్దలో వింతగా ఉంటుంది, మూడో ముద్దకు కుదురుకుంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. కాబట్టి శ్రీ విజయపురంలో చేపల పులుసు ఎక్కడ బాగుంటుందని రేవు దగ్గర తెలుగులోనే అడిగి చూడండి, గైడు చెప్పని చోటు ఒకటి తెలుస్తుంది.

పీత, లాబ్‌స్టర్, నిప్పుల మీద కాల్చే రెడ్ స్నాపర్ వంటివి చాలా చోట్ల తూకం లెక్కన అమ్ముతారు. వండకముందే చేపను చూపించమని, మీ ఎదుటే తూచమని, మొత్తం ధర చెప్పమని అడగడంలో మొహమాటం వద్దు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉంటుంది గనుక, ఆ రోజుల్లో వెళ్లేవారు "ఈరోజు పట్టినదేనా, ఐసులోదా" అని కూడా అడగాలి. శాకాహారులకు అన్నం, పప్పు, కూరగాయలు దొరుకుతాయి, కానీ వంటనూనె వేరుగా ఉందో లేదో కనుక్కోవాలి. ఫెర్రీ ఎక్కేముందు మాత్రం ఎవరైనా సరే కడుపు నిండా తినకూడదు.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని సంచిలో వేసుకోవద్దు; చాలా రకాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు. స్కూబా డైవింగ్ చేయదలచినవారు దాన్ని యాత్ర మధ్య రోజుల్లో పెట్టించుకోవాలి, ఎందుకంటే నీటి అడుగు నుంచి పైకి వచ్చాక విమానం ఎక్కడానికి ఒక రోజైనా వ్యవధి ఉంచడం క్షేమం.