కాగితం పూల తీగ కత్తిరించే ముందు

విశాఖలో తుపాన్ల కాలం రాకముందే మేడ మీది బోగన్‌విలియాను తగ్గించుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

- గుడ్డ గ్లౌజులు చాలవు, తోలువి వేసుకోండి. ముల్లు ఆకు మొదట్లోనే దాక్కుంటుంది. ఆకు పట్టుకున్నామనుకుంటాం, గోరు పక్కన దిగేస్తుంది. కళ్లద్దాలూ ఉండాలి.
- కరెంటు తీగకు అల్లుకుందా? ముట్టుకోవద్దు, లైన్‌మన్‌ను పిలవండి.
- కత్తెర స్పిరిట్‌తో తుడవండి.
- నిండుగా పూసి ఉంటే ఆగండి. పూత అయ్యాక కత్తిరిస్తే, మళ్లీ పూత కొత్త చిగుళ్లకే వస్తుంది. (ఆ రంగులు రేకులవి కావు, ఆకులవి! అసలు పువ్వు మధ్యలోని సన్న గొట్టం.)
- కుండీ మార్పు ఇప్పుడు వద్దు, వేళ్లు సున్నితం.
- కోసిన కొమ్మలకు గోనెసంచి సిద్ధంగా పెట్టుకోండి. మెట్ల మీద పడితే చెప్పులోంచి దిగుతాయి.