మతిమరుపుకు నడక మందు

యాభై దాటాక పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. గదిలోకి వెళ్లి, ఎందుకొచ్చానా అని నిలబడిపోయేదాన్ని. బీ12, థైరాయిడ్ పరీక్షల్లో తేడా ఏమీ లేదు. డాక్టరు నడవమన్నారు, అంతే.

షికారు నడక కాదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం రావాలి. 2011లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో వారానికి 3 రోజులు, 40 నిమిషాల చొప్పున నడిచిన పెద్దవాళ్లకు ఏడాదిలో హిప్పోక్యాంపస్, అంటే మెదడులో జ్ఞాపకాలను నిలిపే భాగం, దాదాపు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టుకున్నవాళ్లకు తగ్గింది. ఆ వయసులో తగ్గడమే మామూలు మరి!

నాకు ముందు కుదుటపడింది నిద్ర. కొన్ని నెలలకు పేర్లు తడుముకోవడం తగ్గింది. కళ్లజోడు మాత్రం ఇప్పటికీ వెతుక్కుంటాను, అది వేరే సంగతి. మోకాళ్లు మొరాయించిన రోజు సైకిల్ తొక్కుతాను.