‘కనీసం’ తీసేసి ‘ఇంతకు మించి వద్దు’ పెట్టుకున్నాక అలవాటు నిలబడింది (నా అనుభవం)

మొదలుపెట్టిన అలవాటు రెండు వారాలు కూడా నిలవట్లేదని చాలామంది అడుగుతుంటారు. నాదీ అదే గోల. వారమంతా అర్ధరాత్రి దాకా పని, వారాంతం మందు, సోమవారం జిమ్‌లో గంటన్నర, బుధవారానికి ఒళ్ళు నొప్పులు. ఇక అంతే.

యాప్‌లు, జిమ్ ఏడాది చందా, చుక్క ముట్టనన్న ఒట్లు, తెల్లవారుజాము అలారాలు... ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది పైహద్దు, అంటే ‘కనీసం ఇంత చేయాలి’ బదులు ‘ఇంతకు మించి వద్దు’ అని గీత గీసుకోవడం. ముందు ఉద్యోగంతో మొదలుపెట్టాను. ఆపే టైమ్ ఖాయం చేసుకుని, దానికి పది నిమిషాల ముందు, రేపు మొట్టమొదట చేయాల్సిన పని ఒక్కటి కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూసేయడం. రాయకపోతే మంచమెక్కాక కూడా బుర్రలో అదే తిరుగుతుంది. అసలు కిటుకు ఇదేనేమో అని నా అనుమానం.

అది కుదురుకున్నాకే మందు జోలికి వెళ్ళాను. ఏ రోజు, ఎంత అన్నది ముందే అనుకోవడం, ఖాళీ కడుపుతో తాగకపోవడం, పడుకునే మూడు గంటల ముందే ఆపేయడం. మందు నిద్ర త్వరగా పట్టిస్తుంది గానీ రాత్రి రెండో సగాన్ని పాడుచేస్తుంది.

చివర్లో నడక. 25 నిమిషాలు, ఆరు రోజులు. ఉత్సాహం వచ్చినా పొడిగించలేదు (ఇదే కష్టం!). కాస్త చురుగ్గా నడిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే వారానికి 150 నిమిషాలు ఇందులోనే వచ్చేస్తాయి.

షిఫ్టులు మారే ఉద్యోగాల్లో ఈ వరస కుదరకపోవచ్చు. మందులో సురక్షితమైన మోతాదంటూ లేదని ఆ సంస్థే అంటోంది, కాబట్టి తాగనివాళ్ళు ఆ మెట్టు వదిలేయండి. రోజూ బాగా తాగేవాళ్ళు మాత్రం ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, డాక్టర్‌ని అడిగాకే తగ్గించండి.