మెరీనాలో ఫోటో కంపోజిషన్ పాఠం: బయల్దేరే ముందు జాగ్రత్తలు

చెన్నైలో మనవాళ్ల పిల్లలకు ఫ్రేమ్ కట్టడం, అంటే ఫోటోలో ఏది ఎక్కడ ఉండాలో చూసుకోవడం నేర్పాలంటే నేను మెరీనా బీచ్‌కే తీసుకెళ్తాను. మీరూ వెళ్తుంటే ఇవి చూసుకోండి.

• సముద్రం తూర్పున ఉంది, కాబట్టి దొరికేది సూర్యోదయం. అరగంట ముందే ఇసుకలో ఉండాలి. బ్యాటరీ, మెమరీ కార్డు రాత్రే సర్దుకోండి.

• అందరి కెమెరాల్లో, ఫోన్లలో గ్రిడ్ (తెరమీద కనిపించే అడ్డం, నిలువు గీతలు) ఆన్ చేయించండి. నీళ్లూ ఆకాశం కలిసే గీత కొంచెం వాలినా సముద్రం పక్కకి ఒలికిపోతున్నట్టు ఉంటుంది. మబ్బులు బాగుంటే గీతను కిందికి దించాలి, తడి ఇసుకలో వెలుగు బాగుంటే పైకి జరపాలి. నీళ్లలో ఆకాశం ప్రతిబింబం అచ్చంగా పడితే మధ్యలో పెట్టినా తప్పులేదు. "ఇక్కడే ఎందుకు పెట్టావమ్మా?" అని మాత్రం తప్పకుండా అడగండి. నేర్పడమంటే నాకు తెలిసి అదే.

• ఒడ్డుకు లాగిన పడవ దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టండి. ఫ్రేమ్ మూలలో మొదలైన తాడు కంటిని పడవ దాకా లాక్కెళ్తుంది. నిలబడితే అది ఇసుకలో కలిసిపోతుంది.

• నొక్కే ముందు నాలుగు అంచులూ చూడాలి. లైట్‌హౌస్ ఎవరి తలమీదో మొలిచినట్టు ఉందా? ఒక్కడుగు జరిగితే చాలు.

• జాలర్లను తీసేముందు "అణ్ణా, ఫోటో ఎడుక్కలామా?" (అన్నా, ఫోటో తీయొచ్చా?) అని తమిళంలో అడగాలి. వద్దంటే వద్దు.

• ఇసుకలో లెన్స్ మార్చొద్దు. ఉప్పు తుంపర తుడవడానికి మెత్తటి గుడ్డ ఉంచుకోండి. ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి (కెమెరాకి కన్ను ఆనించి అద్దాల గుండా నేరుగా చూసే రంధ్రం) సూర్యుణ్ణి చూడనివ్వకండి, కళ్లు దెబ్బతింటాయి. అలలకు వీపు పెట్టి ఎవర్నీ నిలబడనివ్వకండి.